హార్ట్‌స్టాపర్ మనసుకు ఇంత దగ్గరగా ఎందుకు అనిపిస్తుంది?

ప్రశ్న: ఇంగ్లండు హైస్కూల్లో చదివే చార్లీ, నిక్ అనే ఇద్దరు అబ్బాయిల ప్రేమకథ 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో సిరీస్‌గా వచ్చింది. పెద్ద మలుపులేవీ లేని ఈ కథను మళ్లీ మళ్లీ ఎందుకు చూడాలనిపిస్తుంది?

జవాబు 1: నిద్రపోతున్న చార్లీ చేతి దగ్గరికి నిక్ తన చేయి తీసుకెళ్లి, తాకకుండానే ఆగిపోయినప్పుడు, వేళ్ల మధ్య గీతలతో వేసిన మెరుపులు కనిపిస్తాయి. ఆ వయసు తడబాటును అంత ఓపికగా చూపించడమే నాకు నచ్చింది.

జవాబు 2: ఇందులో వేధింపులూ ఉన్నాయి, కానీ కథ వాటి దగ్గరే ఆగిపోదు. నిక్ తన మనసులో మాట చెప్పినప్పుడు తల్లి, ఇన్నాళ్లూ చెప్పలేని పరిస్థితి తనవల్ల కలిగి ఉంటే క్షమించమంటుంది.

జవాబు 3: నేను ఇంటర్ చదివేనాటికి, అంటే 2018 సుప్రీంకోర్టు తీర్పుకు ముందు, మన శిక్షాస్మృతిలోని సెక్షన్ 377 ఇలాంటి ప్రేమను నేరంగానే చూసేది. అందుకే ఆ తల్లి మాట విన్నప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.