అప్‌డేట్: గ్రీటింగ్ కార్డుల ఫొటోలు ఇప్పుడు బాగా వస్తున్నాయి

చేత్తో చేసిన కార్డులు ఫొటోలో బూడిదరంగుగా, చప్పగా వస్తున్నాయని అడిగాను కదా. మీరు చెప్పినవన్నీ చేసి చూశాను, అందరికీ థాంక్స్!

ఫ్రేమంతా తెల్ల కాగితమే ఉంటే కెమెరా దాన్ని బూడిద వైపు లాగేస్తుందట. ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుతురుగా రావాలో చెప్పే సెట్టింగ్) +0.7 నుంచి +1 దాకా పెంచాక తెలుపు తెలుపుగానే వచ్చింది. గదిలో లైట్లు ఆర్పేసి, కిటికీ వెలుగు ఒక పక్క నుంచే పడేలా పెట్టాను. ఎంబాసింగ్ (కాగితం మీద ఉబ్బెత్తుగా వచ్చే డిజైన్), అతికించిన కాగితపు పూలు ఎంత బాగా తేలాయో! రెండో పక్క తెల్ల అట్ట నిలబెడితే నీడలు మరీ నల్లబడలేదు. కాస్త వెనక్కి జరిగి 2 రెట్ల జూమ్‌తో తీస్తే అంచులూ వంకర పోవట్లేదు.

కార్డుల మీది బంగారు ఫాయిల్ (మెరిసే పల్చని రేకు) మాత్రం ఇంకా మొండికేస్తోంది. ఎదురుగా ఏముంటే అదే అందులో కనిపిస్తుంది, నా ఫోనుతో సహా. తెల్ల అట్ట వాల్చి పెడితే మెరుపు వస్తోంది గానీ, ఆ కోణం కుదిరేసరికి ఎండ పోతోంది.