మా నాటక సమాజానికి యాభై ఏళ్లు: ఊరివాళ్లతోనే పాడించాలా, బయటి ఆర్టిస్టులను పిలవాలా?

కందుకూరు తబలా:

అందరికీ నమస్కారం. కందుకూరు పక్కన పల్లె మాది. మా ఊళ్లో పద్యనాటకాల సమాజం పెట్టి వచ్చే సంక్రాంతికి యాభై ఏళ్లు. కాంట్రాక్టు బృందం కాదు. పొగాకు రైతులు, ఒక టైలరు, ఇద్దరు రిటైరైన అయ్యవార్లు, ఒక పోస్టుమ్యాను, వీళ్లే కృష్ణుడు, వీళ్లే దుర్యోధనుడు. శ్రీరామనవమికి రామాలయం ముందు రాయబారమో హరిశ్చంద్రో మొదలుపెడితే తెల్లారేది. నేను పదో తరగతి నుంచి వాళ్లకి తబలా వాయిస్తున్నా.

ఇప్పుడు పూర్తి నాటకం వేసే ఓపిక మాకూ లేదు, రాత్రంతా కూర్చునే ఓపిక జనానికీ లేదు, అందుకని పద్యాలు, పాటలు, రెండు మూడు సీన్లు కలిపి మూడు గంటల కచేరీ చేద్దామనుకున్నాం. గొడవ అక్కడ మొదలైంది. తెనాలి నుంచి పేరున్న ఆర్టిస్టులను తెప్పిస్తేనే జనం వస్తారని కమిటీలో సగం మంది పట్టు. యాభై ఏళ్లూ పాడినవాళ్లు కింద కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టడమేంటని నా బాధ.

ఇంకోటి. మా కృష్ణుడికి, అంటే టైలరు మామకి, డెబ్బై రెండేళ్లు. పోయిన నెల రిహార్సల్లో పద్యం నాలుగు శ్రుతిలోనే, అంటే పాతరోజుల్లో పాడినంత పై స్థాయిలోనే, ఎత్తుకుంటానన్నాడు. మూడో పాదం దాకా బాగానే వచ్చింది, పై షడ్జం, అంటే పై 'స', దగ్గర గొంతు చీలిపోయింది. హార్మోనియం ఆగింది. మామ ఎవరినీ ఏమీ అనలేదు, మెడలో కొలతల టేపు తీసి, చుట్ట చుట్టి, జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పట్నుంచి రావట్లేదు. ఆయన లేకుండా ఆ రాత్రి జరగడం నాకు ఇష్టం లేదు. ఎట్టా చేస్తే బాగుంటుందో చెప్పండి.

పెన్న ఒడ్డు:

హార్మోనియం పట్టేవాణ్ని కాబట్టి ముందు శ్రుతి సంగతి మాట్లాడతా. పాతవాళ్లు అంత పై శ్రుతుల్లో పాడింది మైకుల్లేని రోజుల అలవాటు అన్నా, పందిరి చివరి వరుసకీ, చెట్టెక్కి కూర్చున్న పిలకాయలకీ వినపడాలి కదా. ఇప్పుడు మైకు ఉంది. శ్రుతి నాలుగు నుంచి రెండున్నరకి దించండి. కానీ దించామని ఆయనకి చెప్పొద్దు! నేను ఒకసారి ఒక పెద్దాయనకి అట్టా చెప్పి మూడేళ్లు మాటల్లేకుండా పోగొట్టుకున్నా. ఆయన వినపడేంత దూరంలో రెండున్నరలో రాగం వాయిస్తూ కూర్చోమనండి మీ హార్మోనిస్టుని. వచ్చి అందుకుంటాడు. శ్రుతి దిగిందని ఆయనకి తెలుస్తుంది, తెలియనట్టే ఉంటాడు.

పద్యం ఆయన చదివి, చివర రాగం తీయడం ఒక కుర్రాడికి వదిలేస్తే ఇంకా మంచిది, ఊపిరంతా తినేసేది ఆ రాగమే. ఇంకొక్క మాట, సౌండు అబ్బాయి ఎకో పెంచకుండా చూసుకోండి. ఎకో పెడితే సమాసాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ఏ పద్యమో కూడా తెలియదు.

ఒంగోలు పాతకాపు:

నేను కమిటీ వైపు. జనం రాకపోతే మీ మామ ఎవరికి పాడాలి? ఒక్క బయటి ఆర్టిస్టుని పిలవండి, అయితే విడిగా కచేరీ ఇవ్వొద్దు. ఆయన్ని దుర్యోధనుణ్ని చేసి చుట్టూ మీవాళ్లనే నిలబెట్టండి. పేరున్నవాడి ఎదురుగా మన పోస్టుమ్యాను కర్ణుడిగా నిలబడితే ఊరు ఊరంతా వస్తుంది చూడ్డానికి. చదివింపులు కూడా అప్పుడే పడతాయి, కాకపోతే ప్రతి నూటపదహార్లకీ పద్యం ఆపి పేరు చదవకుండా సీను అయ్యాక ఒకేసారి చదవండి.

ఔత్సాహికులంటే చిన్నచూపు నాకేం లేదు. మా ఒంగోల్లో బడికి వెళ్లే రోజుల్లో ప్రకాశం పంతులు గారు కూడా నాటకాల పిచ్చిలో పడి ఆడవేషాలు వేసినవారే, నాటకాలు ఆడించే పంతులు హనుమంతరావు నాయుడు గారి వెంటే రాజమండ్రికి చదువుకి వెళ్లారు. చింతామణి నాటకం బిట్టు మాత్రం పెట్టకండి, 2022 జనవరిలో ప్రభుత్వం నిషేధించాక కోర్టుల దాకా వెళ్లింది, పండగ పూట ఆ టెన్షన్ ఎందుకు.

సింగరాయకొండ టీచరమ్మ:

మగవాళ్లంతా కృష్ణుడి శ్రుతి గురించే మాట్లాడుతున్నారు, మీ హరిశ్చంద్రలో చంద్రమతి ఎవరో ఒక్కరూ అడగలేదు. బయటి ఊరి నుంచి బస్సులో వచ్చి, వేషం కట్టి, తెల్లవారి మొదటి బస్సుకి వెళ్లిపోయే ఆవిడే కదా? ఆడవేషాలు వేసిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు, సంతోషం. ఆడవాళ్లే వచ్చి వేస్తే కరపత్రంలో పేరు కూడా పడదు. ఆవిణ్ని పిలవండి. కాటి సీను పద్యాలు ఆవిడతోనే పాడించండి, ఛార్జీలు ముందే పంపండి.

రెండోది, ముఖ్య అతిథి కోసం ఆపొద్దు. పోయినేడు ఒక ఊళ్లో మా బడి పిల్లలకి సాయంత్రం ఐదింటికే వేషాలు వేశారు, నాయకుడు వచ్చేసరికి తొమ్మిదిన్నర. చిన్నికృష్ణుడు కుర్చీలోనే నిద్రపోయాడు, నీలం రంగంతా వాళ్లమ్మ చీరకి అంటుకుంది. లేపి స్టేజీ ఎక్కిస్తే ఏడుపు. పిల్లల అంశం మొదటిది పెట్టి, పాడగానే ఇంటికి పంపేయండి. రాయబారం ఎటూ ఉద్యోగపర్వం కథే, తిరుపతి వెంకట కవుల పద్యాలకంటే ముందు పిల్లలతో తిక్కనగారి పద్యం ఒకటి చదివించండి. నెల్లూరు గడ్డ మీద ఆయన్ని తలుచుకోకుండా భారతం ఎత్తుకుంటామా.

కందుకూరు తబలా:

అందరికీ దండాలు. టీచరమ్మా, మీరన్నది నిజమే. పాత కరపత్రాలు బయటికి తీసి చూస్తే చంద్రమతి ఉన్నచోట పాత్ర పేరే ఉంది, మనిషి పేరు ఎక్కడా లేదు. నంబరు పట్టుకుని నిన్న ఫోన్ చేశా. వస్తానంది, హార్మోనియం ఎవరని మాత్రం రెండుసార్లు అడిగింది. బయటి దుర్యోధనుడి సంగతి ఆదివారం కమిటీలో పెడతా, పాతకాపు గారు చెప్పినట్టు ఒక్కరే అంటే ఒప్పుకోవచ్చు.

మామ కొట్టుకి వెళ్లా. చిన్నికృష్ణుడికి పట్టుపంచె కుట్టాలని మా అన్న కొడుకుని వెంటబెట్టుకుని, అదే వంక. వాడి నడుము కొలుస్తూ, చాక్‌పీసు పళ్ల మధ్య పట్టుకుని, మామ సన్నగా అదే పద్యం అందుకున్నాడు. నా చెవికి అది రెండున్నర కూడా కాదు, రెండు. నేనేమీ అనలేదు. పంచె ఎప్పటికి కావాలి అని అడిగితే రిహార్సలు శుక్రవారం అన్నా.

కందుకూరు, కావలి దగ్గర్లో ఎకో లేకుండా సౌండు పెట్టేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి.