బొంబాయి రాత్రి ఫొటోలకు ట్రైపాడా, ఎఫ్1.8 లెన్సా?

జడ్చర్ల అబ్బాయి:
అందరికీ నమస్తే. డిసెంబరులో అమ్మానాన్నలను తీసుకుని నాలుగు రోజులు బొంబాయి పోతున్నాం. నాన్న అక్కడ పదకొండేళ్లు మేస్త్రీ పని చేశాడు. అన్నేళ్లున్నా ఆ ఊరిని ఒక్కనాడూ తీరిగ్గా చూడలేదంటాడు. మెరైన్ డ్రైవ్ గోడ మీద నాన్న కూర్చోవాలి, వెనక ఒంపు తిరిగిన లైట్ల వరస కనిపించాలి. అన్నిటికన్నా ముందు నాకు ఆ ఫొటో కావాలి. సీఎస్‌ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) స్టేషన్, గేట్‌వే ఆఫ్ ఇండియా కూడా రాత్రిపూటే తీయాలని ఉంది. నా దగ్గర నికాన్ డీ3500 కెమెరా, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉన్నాయి. చేతిలో పన్నెండు వేలు ఉన్నాయి. గట్టి ట్రైపాడ్ కొనాలా, వెలుగు ఎక్కువ తీసుకునే ఎఫ్1.8 లెన్స్ కొనాలా? ఫోన్ చాలు, ఇవన్నీ ఎందుకు మోస్తావని ఫ్రెండ్స్ అంటున్నారు.

నల్లగొండ స్టూడియో:
ట్రైపాడే కొను తమ్ముడూ. సీఎస్‌ఎంటీ 1887-88 నాటి కట్టడం. రాతి మీద చెక్కిన జంతువులు, ఆకులు, గోపురం గీతలు స్పష్టంగా రావాలంటే ఐఎస్ఓ, అంటే వెలుగును పట్టే సున్నితత్వం, 100లోనే పెట్టి తీయాలి. ఎఫ్8 పెట్టి (ఎఫ్ అంకె పెరిగితే లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది) షట్టర్ నాలుగైదు సెకన్లు తెరిచి ఉంచితే దీపాలు నక్షత్రాల్లా వస్తాయి, రోడ్డు మీద బండ్ల లైట్లు గీతలుగా సాగుతాయి. ఎఫ్8 దగ్గర నీ కిట్ లెన్స్‌కూ ఖరీదైన లెన్స్‌కూ పెద్ద తేడా కనిపించదు. అలాంటప్పుడు లెన్స్ మీద డబ్బులు పోయడం ఎందుకు? బటన్ నొక్కేటప్పుడు కెమెరా కదలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టు. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు వీఆర్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఆపెయ్యి. పూర్తిగా చీకటి పడేదాకా ఆగొద్దు. సూర్యుడు మునిగిన ఇరవై, ముప్పై నిమిషాలకు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, అసలు టైం అదే. ముందు రోజు మన క్లాక్ టవర్ సెంటర్ లాంటి చోట ఒకసారి ప్రాక్టీస్ చేసి పో.

మిర్యాలగూడ నుంచి ఒక అక్క:
స్టూడియో అన్న చెప్పింది బిల్డింగులకు కరెక్టే. కానీ తమ్ముడు అడిగింది వాళ్ల నాన్న ఫొటో. నా అనుభవం చెప్తాను. నాలుగేళ్ల కింద సద్దుల బతుకమ్మ నాడు నేనూ ఇలాగే ట్రైపాడ్ నమ్ముకుని పోయాను. షట్టర్ అర సెకను తెరిచి ఉండేలా పెట్టాను. మధ్యలో పెట్టిన బతుకమ్మలు ఎంత బాగా వచ్చాయంటే తంగేడు రేకులు, గునుగు పూల అంచుకు పూసిన గులాబి రంగు లెక్కపెట్టుకోవచ్చు. చుట్టూ తిరుగుతున్న ఆడవాళ్లు మాత్రం రంగు చారలు. మా అమ్మమ్మ ఆడిన ఆఖరి బతుకమ్మ అది. అరవై ఫొటోలు తీశాను, ఒక్కదాంట్లోనూ ఆమె ముఖం లేదు. అవి ఇప్పటికీ నా దగ్గరున్నాయి. చూసినప్పుడల్లా బాధేస్తుంది.

ట్రైపాడైనా వీఆర్ అయినా కెమెరా వణుకునే ఆపుతాయి, మనిషి కదలికను ఆపవు. కిట్ లెన్స్ జూమ్‌ను 35 దగ్గర పెడితే ఎఫ్4.5కి మించి తెరుచుకోదు. 35ఎంఎం ఎఫ్1.8 లెన్స్ దానికన్నా దాదాపు ఆరు రెట్లు వెలుగు తీసుకుంటుంది. అంటే సెకనులో పదో వంతు పడుతున్న ఫొటో అరవయ్యో వంతులో అయిపోతుంది. ముఖం నిలిచేది అక్కడే.

కొనేముందు రెండు సంగతులు చూసుకో. అందరూ 50ఎంఎం లెన్స్ కొనమంటారు. నీ కెమెరా సెన్సార్ చిన్నది కాబట్టి దాని మీద అది 75 లాగా ఇరుకుగా చూపిస్తుంది, నాన్నను, లైట్లను కలిపి పట్టాలంటే నువ్వు వెనక్కి పోయి పోయి రోడ్డు మీదికి రావాలి. 35 అయితే 52లా ఉంటుంది. రెండోది, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే పాత ‘డి’ రకం లెన్సులు కొనకు. డీ3500 బాడీలో ఫోకస్ మోటార్ లేదు, వాటికి ఆటోఫోకస్ రాదు. లెన్స్‌లోనే మోటార్ ఉండే, ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నదే తీసుకో.

పాలమూరు టీచర్:
మేడమ్, మీ బాధ అర్థమైంది. కానీ ఎఫ్1.8లో తీస్తే నాన్న స్పష్టంగా ఉంటాడు, వెనక బొంబాయి ఉత్త దీపపు చుక్కలైపోతుంది. అది జడ్చర్ల చౌరస్తాలో తీశారా, మెరైన్ డ్రైవ్‌లో తీశారా అంటే ఏం చెప్తాడు? పదకొండేళ్లు పని చేసిన ఊరు ఆ ఫొటోలో కనబడొద్దా? పైసా ఖర్చు లేని దారి ఒకటుంది. ఉన్న కిట్ లెన్స్‌నే 20 దగ్గర పెట్టి, ఐఎస్ఓ 1600, షట్టర్ సెకనులో పదో వంతు పెట్టి, కెమెరాలోని ఫ్లాష్‌ను ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించి కొట్టాలి. ఫ్లాష్ ముఖాన్ని ఆపుతుంది, మిగతా సమయంలో వెనకున్న లైట్లు వచ్చేస్తాయి.

మిర్యాలగూడ నుంచి ఒక అక్క:
సార్, వెనక ఊరు కనబడాలన్నది ఒప్పుకుంటాను. అందుకే ఎఫ్1.8 దగ్గరే ఉండాల్సిన పని లేదు. నాలుగు మీటర్ల దూరం జరిగి ఎఫ్2.8, ఐఎస్ఓ 3200 పెడితే ఒంపు గుర్తుపట్టేంత వస్తుంది. ఫ్లాష్‌తో నాకు పేచీ ఏంటంటే, ఎండలో పని చేసిన ముఖం మీది గీతలన్నీ చదునైపోతాయి. వీధి దీపం పక్క నుంచి పడేలా ఆయనను కూర్చోబెడితే ఆ గీతలు నిలుస్తాయి.

ఫోన్ సంగతి: నైట్ మోడ్ రెండు మూడు సెకన్లలో చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది. బిల్డింగులకు బాగుంటుంది, నడిచే మనుషులు సాగిపోతారు. ఇక ట్రైపాడ్ బదులు కిలో బియ్యం గుడ్డసంచిలో పోసి మూతి కుట్టేయ్. మెరైన్ డ్రైవ్ గోడ వెడల్పుగా ఉంటుంది, సంచి మీద కెమెరా ఆనించి నాలుగు సెకన్లు కూడా తీయొచ్చు. లోకల్ రైలు రద్దీలో ట్రైపాడ్ పట్టుకుని అమ్మానాన్నలను ఎక్కించడం కష్టం.

నల్లగొండ స్టూడియో:
బియ్యం సంచి మంచి ఐడియా, ఒప్పుకున్నా. సీఎస్‌ఎంటీకి మాత్రం నా మాట ట్రైపాడే, అక్కడ ఆనించడానికి ఎత్తు చూసుకుని గోడ వెతకాలి. ఇంకొకటి: లెన్స్ ముందు యూవీ ఫిల్టర్ ఉంటే రాత్రి తీసెయ్. లేకపోతే ప్రతి దీపానికీ ఎదురు మూలలో పచ్చటి మచ్చ పడుతుంది. ఏసీ రూమ్ నుంచి సముద్రపు గాలిలోకి తెచ్చిన వెంటనే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, తుడవకు. బ్యాగ్ తెరవకుండా అరగంట ఆగు.

జడ్చర్ల అబ్బాయి:
నిన్న తెలిసిన స్టూడియోలో 35 ఒక పూట అడిగి తెచ్చుకుని, నాన్నను మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర నిలబెట్టి రెండు రకాలుగా తీశాను. సార్ చెప్పిన ఫ్లాష్ పద్ధతిలో టవర్ చక్కగా వచ్చింది, కానీ ఎనిమిదింటిలో ఆరింట నాన్న కళ్లు మూసుకున్నాడు. 35తో ఎఫ్2.8లో గడియారం అంకెలు చదవరావు, అయినా అది క్లాక్ టవరే అని తెలుస్తోంది. నాన్న కనుబొమ్మ మీద పాత కుట్ల గాటు ఉంటుంది, పరంజా మీద నుంచి పడ్డప్పటిది. అది కూడా కనిపిస్తోంది. 35 ఆర్డర్ పెట్టాను. అమ్మ పాత జాకెట్ గుడ్డతో సంచి కుడుతోంది.