14 ఏళ్ల పిల్లికి కిడ్నీ జబ్బు: తిండి మార్చడం, ఇంట్లో సెలైన్, నొప్పి మందు

ప్రశ్న: కిటికీ పిల్లి

మగ పిల్లి, 14 ఏళ్లు. ఏడాది కిందట 4.8 కిలోలుండేది, ఇప్పుడు 4.1. నీళ్లు తాగడం బాగా పెరిగింది, లిట్టర్ ట్రేలో గడ్డలు గుప్పెడంత వస్తున్నాయి. పోయిన వారం పరీక్షలు చేసి కిడ్నీ జబ్బని చెప్పారు. రిపోర్టు ఇదీ: క్రియాటినిన్ 2.6, ఎస్‌డీఎంఏ 28 (ఈ రెండూ కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలు), ఫాస్ఫరస్ 5.3, పొటాషియం 3.4, మూత్రం స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే చిక్కదనం, 1.016. బీపీ చూడలేదు.

కిడ్నీ జబ్బు పిల్లులకు పెట్టే రీనల్ తిండి ఇచ్చారు. మొదటి రోజు తిన్నది, మర్నాటి నుంచి వాసన చూసి వెళ్లిపోతోంది. పాత పొడి తిండి పెడితే కొంచెం తింటోంది. పాతదే పెట్టాలా, లేక ఆకలేస్తే అదే తింటుందిలే అని కొత్తదే ఉంచాలా? చర్మం కిందికి సెలైన్ ఎక్కించడం ఇంట్లో ఇప్పుడే మొదలుపెట్టాలా? కీళ్ల నొప్పికి మెలాక్సికామ్ ఇస్తున్నాం, దాన్ని ఏం చేయాలి?

జవాబు: బూడిద మీసాలు

ముందు మెలాక్సికామ్ సంగతి. ఇవాళ్టి డోసు ఇవ్వకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. కిడ్నీ జబ్బు నిలకడగా ఉండి, బాగా తింటూ, ఒంట్లో నీరు తగ్గని పిల్లికి తక్కువ డోసులో దాన్ని కొనసాగించే డాక్టర్లున్నారు. కానీ మీది సరిగ్గా తినడం లేదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసే ఏర్పాటునే ఆ మందు అడ్డుకుంటుంది. తిననిరోజు, వాంతి అయినరోజు అసలే ఇవ్వకూడదు. బదులుగా ఇంట్లో ఉన్న పారాసెటమాల్ ముక్క వేస్తే పిల్లి ప్రాణానికే ముప్పు, ఆ ఆలోచనే వద్దు. నొప్పికి ఇంకో మందు గాబాపెంటిన్ రాస్తే డోసు తగ్గించి రాయమనండి. అది కిడ్నీల నుంచే బయటికి పోవాలి కాబట్టి ఈ పిల్లుల్లో మత్తు ఎక్కువసేపు ఉంటుంది.

ఇక అంకెలు. కిడ్నీ జబ్బును దశలుగా విడగొట్టే ఐరిస్ పద్ధతిలో క్రియాటినిన్ 1.6 నుంచి 2.8 దాకా రెండో దశ, 2.9 నుంచి 5.0 దాకా మూడో దశ, ఆపైన నాలుగు. ఎస్‌డీఎంఏ 18 నుంచి 25 దాకా రెండో దశ, 26 నుంచి 38 దాకా మూడు. అంటే ఒక అంకె రెండంటోంది, ఇంకొకటి మూడంటోంది. నేనైతే ఎస్‌డీఎంఏనే ఎక్కువ నమ్ముతాను. క్రియాటినిన్ కండ నుంచి తయారవుతుంది. ఏడాదిలో 700 గ్రాములు, అంటే దాదాపు 15 శాతం బరువు తగ్గిన పిల్లిలో కండ కరిగితే క్రియాటినిన్ కూడా తగ్గి కనిపిస్తుంది, కిడ్నీ బాగుపడినట్టు మోసం చేస్తుంది. 2 నుంచి 4 వారాల్లో రెండూ మళ్లీ చూసి, ఎస్‌డీఎంఏ అక్కడే నిలిస్తే మూడో దశగానే లెక్కేయాలి.

ఈ రిపోర్టులో లేనివి నాలుగున్నాయి. మొదటిది బీపీ. రెండోది యూపీసీ, అంటే మూత్రంలో ప్రొటీన్ నిష్పత్తి. 0.2 లోపు మామూలు, 0.4 దాటితే దానికి వేరే మందు అవసరం. మూడోది మూత్రం కల్చర్, అంటే అందులో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష. పలచటి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఏ లక్షణమూ చూపకుండా దాక్కోగలదు. పొట్ట నుంచి సూదితో నేరుగా తీసిన మూత్రమైతేనే ఫలితం నమ్మొచ్చు. నాలుగోది థైరాయిడ్, అంటే టీ4. బరువు తగ్గే ముసలి పిల్లిలో థైరాయిడ్ ఎక్కువైతే కిడ్నీకి రక్తం జోరుగా వెళ్లి క్రియాటినిన్ తక్కువ చూపిస్తుంది. అది తెలియకుండా కిడ్నీ దశ తేల్చడం తొందరపాటే.

బీపీ ఎలా చూస్తారో కూడా గమనించండి. పిల్లిని అయిదు పది నిమిషాలు ప్రశాంతంగా ఉంచాలి. పట్టీ వెడల్పు కాలి చుట్టుకొలతలో 30 నుంచి 40 శాతం ఉండాలి. మొదటి రీడింగు వదిలేసి, తర్వాత అయిదారుసార్లు చూసి సగటు తీయాలి. పట్టీ వెడల్పు చాలకపోతే అంకె ఎక్కువ చూపిస్తుంది, మరీ వెడల్పైతే తక్కువ.

జవాబు: తాపీ పిల్లి

ఆకలేస్తే అదే తింటుందిలే అనే మాట కుక్కల దగ్గర కొంత చెల్లుతుందేమో, పిల్లి దగ్గర చెల్లదు. పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుని కిడ్నీ జబ్బుకన్నా ముందు అదే ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి వరుస ఇదీ: ఏదో ఒకటి తినాలి, తగినంత తినాలి, ఆ తర్వాతే అది రీనల్ తిండి కావాలి. పాత తిండి ఇవాళే తిరిగి పెట్టేయండి.

రెండో రోజు నుంచి మానేసిందంటే అది అలక కాకపోవచ్చు, వికారం అయ్యుండొచ్చు. గిన్నె దగ్గరికి ఆత్రంగా వచ్చి, మూతి దించి, పెదాలు నాక్కుని, మొహం తిప్పుకుంటే అది వికారమే. తిండి చూస్తే నోట్లో నీళ్లూరి మింగుతుండటం కూడా అంతే. ఆ స్థితిలో కొత్త తిండి పెడితే ఆ వాసనకూ వికారానికీ ముడిపెట్టుకుంటుంది, ఇక జన్మలో ముట్టదు. ముందు వికారం తగ్గాలి. దానికి మారోపిటాంట్ మామూలుగా కిలోకు 1 మి.గ్రా. చొప్పున రోజుకోసారి రాస్తారు. ఆకలి రావడానికి మిర్టాజాపిన్ 1.88 మి.గ్రా., కిడ్నీ జబ్బు పిల్లులకు రోజు మార్చి రోజు. రెండోది 15 మి.గ్రా. మాత్రలో ఎనిమిదో వంతు. చేత్తో విరిస్తే ఒక ముక్క ఇంకోదానికి రెట్టింపు వస్తుంది. డోసు ఎక్కువైన పిల్లి రాత్రంతా అరుస్తూ తిరుగుతుంది, వణుకుతుంది. అంత చిన్న డోసులో తయారుచేసిన మందే అడగండి.

తిండి మార్చడానికి మూడు నాలుగు వారాలు పెట్టుకోండి, ఇంకా ఎక్కువైనా నష్టం లేదు. మొదటి వారం కలపొద్దు. పాత తిండి గిన్నె పక్కనే ఇంకో చిన్న పళ్లెంలో ఒక చెంచా కొత్తది పెట్టి ఊరుకోండి. తింటే సంతోషం, లేకపోతే గంటకు తీసేయండి. దానికి అలవాటు పడ్డాక పాతదాంట్లో పదో వంతు కలిపి, మూడు నాలుగు రోజులకోసారి పెంచుకుంటూ పోండి. తడి తిండిని ఒంటి వేడికి, 38 డిగ్రీలకు అటూఇటూ, తెచ్చి పెడితే వాసన లేస్తుంది. మైక్రోవేవ్‌లో పెడితే బాగా కలిపి వేలితో చూడాలి, మధ్యలో ఒకచోట కాలిపోతూ ఉంటుంది. సిరంజితో బలవంతంగా నోట్లో కుక్కొద్దు. రీనల్ తిండిలో మందులు మాత్రం ఎప్పుడూ కలపొద్దు, ఒక్క చేదు ముద్దతో నెల శ్రమ పోతుంది. మందుకు వేరే చిరుతిండి ఏదైనా వాడండి.

4.1 కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు లెక్క. ఉడికించిన చికెన్ ఒక్కటే రోజూ పెట్టడం పరిష్కారం కాదు. అందులో ఫాస్ఫరస్ ఉంది, దానికి తగ్గ కాల్షియం లేదు. ఉల్లి, వెల్లుల్లి వేసిన సూప్ నీళ్లు పిల్లికి విషం.

నీళ్ల గిన్నెలు వెడల్పుగా, అంచుదాకా నిండుగా, తిండికీ ట్రేకీ దూరంగా మూడు నాలుగు చోట్ల పెట్టండి. ఎక్కువ పోస్తోంది కదా అని నీళ్లు తగ్గించే పొరపాటు మాత్రం చేయొద్దు. అది పోసేది తాగినందుకు కాదు, పోయినదానికి సరిపెట్టుకోవడానికే తాగుతోంది.

జవాబు: సూదీ దారం

పై జవాబులో ఒక్కటి చేరుస్తాను. తడి రీనల్ తిండి ముట్టని పిల్లి అదే రకం పొడి తిండిని హాయిగా తింటే, పొడిదే పెట్టండి. తడి తిండిలో నూటికి 75 నుంచి 80 పాళ్లు నీళ్లే, నిజమే. కానీ రీనల్ తిండిలో ఫాస్ఫరస్ తక్కువ ఉండటం వల్ల వచ్చే లాభం పెద్దది. నీళ్ల లోటు వేరే దారిలో తీర్చుకోవచ్చు.

ఆ వేరే దారిలో ఒకటి సెలైన్. మీ పిల్లికి ఇప్పుడే వద్దనే నా ఉద్దేశం. తాగి, తిని నెట్టుకొస్తున్న పిల్లికి అదనంగా ఎక్కిస్తే ఒరిగేది తక్కువ. సెలైన్‌గా ఎక్కించే రింగర్స్ లాక్టేట్ లీటరులో సోడియం 130 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటుంది, ఆ ఉప్పునీ ఆ కిడ్నీలే మోయాలి. గుండెలో అసాధారణ చప్పుడున్న పిల్లికైతే ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరే ప్రమాదం ఉంది. చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా దిగుతున్నా, చిగుళ్లు జిగటగా ఉన్నా, మలం ఎండు ఉండల్లా వస్తున్నా అప్పుడు డాక్టరును అడగండి.

ఆ రోజు వస్తే మామూలుగా ఒక్కసారికి 75 నుంచి 150 ఎంఎల్, రోజూ గానీ రెండు మూడు రోజులకోసారి గానీ ఎక్కిస్తారు. సీసా మీద రింగర్స్ లాక్టేట్ అని ఉందో లేదో ప్రతిసారీ చదవండి. 5 శాతం డెక్స్‌ట్రోజ్ చర్మం కిందికి ఎక్కించేది కాదు. సంచిని గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఉంచి, సూదిగొట్టం గుచ్చే మూతి మాత్రం నీళ్లకు తగలకుండా చూడండి. మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకుంటే వేడీ చల్లనా తెలియకుండా ఉండాలి. గొట్టంలో గాలి పోయేదాకా కాస్త వదిలి, గొట్టం మీద ధారను ఆపే బిళ్ల బిగించండి. భుజాల ఎముకల మధ్య చర్మాన్ని గుడారంలా ఎత్తి, 20 గేజ్ సూది, ఏటవాలు మొన పైకి ఉండేలా, వెన్నుకు సమాంతరంగా లోపలికి పోనివ్వాలి. బొచ్చు తడిస్తే సూది రెండో వైపు నుంచి బయటికొచ్చినట్టు. చుక్కలు ఆగితే సూదిని తీయకుండా పావు వంతు తిప్పండి, మొన లోపలి పొరకు ఆనుకుని ఉంటుంది.

సంచి మీద గీతలు చూసి 100 ఎంఎల్ పోల్చుకోవడం కష్టం, సంచి ముడుచుకుపోతూ గీత తప్పుతుంది. వంటింటి తక్కెడ మీద ముందు తూచి, తర్వాత తూచండి. 100 గ్రాములు తగ్గితే 100 ఎంఎల్ ఎక్కినట్టే. సూది తీశాక ఆ చోటు ఒక నిమిషం వేళ్లతో నొక్కి పట్టుకోవాలి. నీటి గడ్డ కాసేపటికి ముందుకాలి మీదికి జారుతుంది, భయం లేదు. కానీ మర్నాడు కూడా అలాగే ఉంటే ఇంకో డోసు వేయకుండా ఫోన్ చేయండి. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి శ్వాసలు లెక్కపెట్టండి. 30 దాటుతుంటే సెలైన్ ఆపి వెంటనే చూపించాలి. ప్రతిసారీ కొత్త సూదే. సంచిలో నీరు మసకబారినా, పోగులు తేలినా పారేయండి.

ప్రశ్న: కిటికీ పిల్లి

అందరికీ థాంక్స్. మెలాక్సికామ్ ఆపించారు. టీ4 మామూలుగా ఉంది, కల్చర్‌లో ఏమీ రాలేదు, యూపీసీ 0.18. బీపీ రెండు వేర్వేరు రోజుల్లో చూస్తే సగటు 174. బీపీ మందు ఆమ్లోడిపిన్ 2.5 మి.గ్రా. మాత్రలో పావు ముక్క రోజుకోసారి రాశారు. వికారానికి మారోపిటాంట్ మొదలయ్యాక పాత తిండి పూర్తిగా తింటోంది. అంత చిన్న మాత్ర ముక్క ఎలా వేయాలి? ఫాస్ఫరస్ పట్టే పొడి కూడా ఇప్పుడే మొదలుపెట్టమనాలా?

జవాబు: బూడిద మీసాలు

160 నుంచి 179 మధ్య అంటే మందు అవసరమైన బీపీయే. 180 దాటితే కంటి వెనక పొర ఊడి రాత్రికి రాత్రే చూపు పోయే ప్రమాదం పెరుగుతుంది. కంటిపాపలు వెలుతురులోనూ పెద్దవిగానే ఉంటే, గోడలకు తగులుతుంటే ఆ రోజే తీసుకెళ్లండి. పావు ముక్క అంటే 0.625 మి.గ్రా., పిల్లులకు మామూలుగా మొదలుపెట్టే డోసు అదే. వారం, రెండు వారాల్లో బీపీ మళ్లీ చూడాలి. 160 కిందికి రావాలి, అలాగని 120 కన్నా పడిపోకూడదు. పడిపోతే నీరసంగా, తూలుతూ ఉంటుంది. ఒక డోసు మరచిపోతే మర్నాడు రెండు వేయొద్దు.

ముక్కను ఖాళీ జెలటిన్ క్యాప్సూల్లో పెడితే నాలుకకు అంటదు. నాలుక వెనక్కి వేశాక సిరంజితో 5 ఎంఎల్ నీళ్లు చెంప పక్కనుంచి కొద్దికొద్దిగా పట్టండి. నీళ్లు లేకుండా వేస్తే మాత్ర అన్ననాళంలోనే ఇరుక్కుని పుండు పెట్టొచ్చు.

ఫాస్ఫరస్ రెండో దశలో 4.6 లోపు, మూడో దశలో 5.0 లోపు ఉంచాలన్నది లక్ష్యం. మీది 5.3. ముందు రీనల్ తిండి నాలుగు వారాలు నిలకడగా తినిపించి మళ్లీ చూడమంటాను. చాలాసార్లు తిండితోనే దిగుతుంది. దిగకపోతేనే అల్యూమినియం హైడ్రాక్సైడ్ లాంటిది, కిలోకు రోజుకు 30 నుంచి 100 మి.గ్రా., పూటలవారీగా పంచి. అది పేగులో తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకుంటుంది కాబట్టి తిండితోనే పడాలి. ఖాళీ కడుపున ఇస్తే వృథా. ఇంకో మాట, రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే ఫాస్ఫరస్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, రిపోర్టులో ఆ గమనిక ఉందేమో చూడండి.

పొటాషియం 3.4 కాస్త తక్కువే. రీనల్ తిండిలో అదనంగా కలిపి ఉంటుంది. తిండి కుదిరేదాకా పొటాషియం గ్లూకోనేట్ రోజుకు 2 నుంచి 4 మిల్లీ ఈక్వివలెంట్లు ఇవ్వొచ్చేమో అడగండి. మెడ వాలిపోయి గడ్డం ఛాతీకి ఆనుతున్నట్టు నడిస్తే అది బాగా పడిపోయిందని అర్థం, ఆగకూడదు.

జవాబు: తాపీ పిల్లి

బరువు వారానికోసారి, ఒకే రోజు, తిండికి ముందు చూడండి. మనుషులు ఎక్కే తక్కెడ పనికిరాదు, 100, 200 గ్రాముల తేడా దానికి పట్టదు. 10 గ్రాముల తేడా చూపే పసిపిల్లల తక్కెడ కావాలి. మీ పిల్లికి 5 శాతమంటే 205 గ్రాములు. అంత తగ్గేదాకా ఆగకుండా, వరుసగా రెండు వారాలు తగ్గినా ఫోన్ చేయండి.

మలబద్ధకం మీద కన్నేయండి. మలాన్ని మెత్తబరిచే, ఎలక్ట్రోలైట్లు (లవణాలు) కలపని పాలీఇథిలీన్ గ్లైకాల్ 3350 పొడి తడి తిండిలో కలిపితే రుచి తెలియదు, రోజుకు రెండుసార్లు టీ చెంచాలో ఎనిమిదో వంతుతో మొదలుపెట్టమంటారు. అయితే ట్రేలో కూర్చుని ముక్కుతుంటే అది మలానికో మూత్రానికో ముందు తేల్చుకోండి. రోజూ గుప్పెడంత గడ్డలు వచ్చే ట్రే ఉన్నట్టుండి పొడిగా ఉంటే, మగ పిల్లి కాబట్టి మూత్రం దారి మూసుకుపోయి ఉండొచ్చు. తెల్లారేదాకా చూడకుండా ఆ రాత్రే తీసుకెళ్లాలి.