“నుడుకు బచ్చలి”యా, “ముదురు బచ్చలి”యా? అమ్మ నోటుపుస్తకంలో ఒక మాట

నరసరావుపేట నుంచి:
వచ్చే చైత్రానికి అమ్మ పోయి ఏడాది అవుతుంది. ఆమె వంటల నోటుపుస్తకాన్ని ఉన్నదున్నట్టు ఎత్తిరాసి మనవలందరికీ తలా ఒక ప్రతి ఇవ్వాలని అక్కా నేనూ మొదలుపెట్టి, ఒక్క మాట దగ్గర ఆగిపోయాము. చింతచిగురు వేసిన బచ్చలికూర పుటలో, “కందిపప్పు గిద్దెడు, బచ్చలి నాలుగు గుప్పెళ్ళు, చిగురు రెండు గుప్పెళ్ళు” అన్న లెక్క కింద, శ్రీనాథుడి “ఫుల్ల సరోజ నేత్ర” పద్యం మూడో పాదాన్ని అమ్మ రాసుకుంది. చింతచిగురు వేసిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూడమని కృష్ణుణ్ణి సవాలు చేసే చాటువు, అంటే నోటినోటా తిరిగిన విడిపద్యం, అది. “పల్లవ యుక్తమౌ” తర్వాతి మాట మీద పసుపునూనె మరక పడింది. మూడు అక్షరాల కొమ్ములూ స్పష్టంగా ఉన్నాయి గాని, అక్షరాలు అలుక్కుపోయాయి. అక్క “నుడుకు” అంటుంది. నా చెవిలో మాత్రం, రాచ్చిప్పలో కూర కలుపుతూ అమ్మ చదివిన “ముదురు బచ్చలి” ఇప్పటికీ మోగుతూనే ఉంది. ఆ పాఠం, అంటే పద్యాన్ని అలా చదవడం, మీలో ఎవరైనా విన్నారా?

తెనాలి నుంచి:
నేను వినలేదమ్మా. అయితే ఛందస్సు దాన్ని కాదనదు. ఉత్పలమాలలో అక్కడ పడవలసింది నగణం, అంటే వరుసగా మూడు లఘువులు (పొట్టి అక్షరాలు). రెండు మాటలూ మూడేసి లఘువులే. “పల్లవ”కూ “బచ్చలి”కీ కుదిరిన యతి (ప, బ అక్షరాల మైత్రి) ఎటూ చెదరదు. నా అనుమానం వేరు. “అగు”కు అచ్చు పరమైనప్పుడు వచ్చే నుగాగమం (నడుమ “న్” చేరడం) వల్ల “ఔ నుడుకు” అయింది. పద్యాన్ని చెవిన పడ్డట్టు పట్టుకున్నవారికి “నుడుకు” అనే మాట తెలియదు కాబట్టి, నోరు తెలిసిన మాటను వెతుక్కుని “ముదురు” చేసి ఉంటుంది. పాఠం “ఉడుకు” అనే నా నమ్మకం.

హనుమకొండ నుంచి:
మా ఇళ్ళలో ఈనాటికీ ఉడుకునీళ్ళే గాని వేడినీళ్ళు లేవు. కాబట్టి ఇక్కడ “ఉడికించిన బచ్చలి” అని అర్థం చెప్పేవారితో నేను ఏకీభవించను. అది పొగలు కక్కే కూర. పై పాదాలతో కలిపి చదవండి. కృష్ణుడు పూతన చన్నుల చేదు తాగాడు, దవాగ్ని (అడవిని కాల్చే కార్చిచ్చు) మింగాడు. ఆ చేదుకు చింతచిగురు పులుపునూ, ఆ దవాగ్నికి ఉడుకునూ కవి ఎదురు నిలిపాడు. “ముదురు” పెడితే నిప్పుకు జోడు లేకుండా పోతుంది.

మాచర్ల నుంచి:
జోడు బాగుంది గాని, పద్యం అసలు బరువు “మెల్లన నొక్క ముద్ద దిగమ్రింగుము” అన్న చోట ఉంది. గొంతు దిగనిది వేడి వల్లనా, జొన్నకూడు వల్లనా? ముదిరిన తీగబచ్చలి దళసరిగా, జిగురుగా ఉంటుంది. ఆ జిగురును విరవడానికే పులుపు కావాలి. శ్రీనాథుడు మా పల్నాటి సీమలో సన్నన్నానికి మొహం వాచి “జొన్నకలి జొన్నయంబలి” అని వాపోయినవాడు, నీళ్ళు దొరకక “గంగ విడుము పార్వతి చాలున్” అని శివుణ్ణే అడిగినవాడు. అంత అవస్థపడిన మనిషికి ఎవరో లేతాకు ఏరి వండిపెట్టారని నేను అనుకోలేను. చాటువులు నోటినోటా బతికిన పద్యాలు. పల్నాటి వంటింట్లో నిలిచిన పాఠాన్ని పొరపాటు అనడానికి నాకు మనసు ఒప్పదు.

తెనాలి నుంచి:
నోటినోటా బతికినవే గనుకనే వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఊరూరా చాటువులను ఏరి “చాటుపద్యమణిమంజరి”గా కూర్చవలసి వచ్చింది. శ్రీనాథుడి కష్టాన్ని నేను కాదనడం లేదు. అయినా “నాగులేటి నీళ్ళు నాపరాళ్ళు” అన్న పద్యంలో ఆయన ఎంచినవన్నీ కళ్ళకు కనిపించేవి, చేతికి తగిలేవి. అలాంటి కవి కూర మీది పొగను చూడకుండా ఆకు వయసు లెక్కపెట్టాడంటే నాకు నమ్మకం కుదరదు.

నరసరావుపేట నుంచి:
మాస్టారూ, మీ మాట కాదనలేను. కాని లేతాకు బజ్జీలకు తీసిపెట్టి, అమ్మ ఈ కూరకు ఎప్పుడూ ముదురాకే కోసేది. కాడలు కూడా పారేయనిచ్చేది కాదు. ఆమె పద్యాన్ని బట్టి ఆకు కోసిందో, ఆకును బట్టి పద్యం చదివిందో ఇప్పుడు అడగడానికి మనిషి లేదు. నిన్న రాత్రి ఆ కాగితాన్ని దీపానికి అడ్డంగా పట్టి చూశాను. మొదటి అక్షరం అక్కకు “ను”గా, నాకు “ము”గా కనిపించింది. ఆ ఒక్క పుటను ఎత్తిరాయకుండా, మరకతో సహా ఫొటో తీసి ప్రతుల్లో అతికిద్దామని అక్క అంటోంది.

మాచర్ల నుంచి:
అతికించే ముందు మూడో అక్షరాన్ని మరొకసారి చూడండమ్మా. దాని నడుమ అడ్డగీత జాడ ఏమైనా ఉందా? ఉంటే అది “కు”. లేకపోతే నేను మీ పక్షమే.