సమస్య: గెలిచె తక్కువోట్లు కలిగినతడు

గోదారి గట్టు (నిర్వహణ): ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. యతి ఎక్కడుందని అడిగేలోపే చెప్పేస్తున్నా, గెలిచె–కలిగి, ప్రాసయతి. ఓట్లు ఎక్కువొచ్చినవాడు గెలిచాడని ఎవరైనా రాస్తారు, తక్కువొచ్చినవాణ్ణి మీరెలా గెలిపిస్తారో చూద్దాం. దొంగ ఓట్లు, రిగ్గింగు అంటూ తప్పించుకోవద్దు, అది మరీ సులువు. మా పార్టీ మీ పార్టీ అని కొట్టుకోవద్దు కూడా, పోయినసారి జరిగింది చాలు.

పద్యపిపాసి:

దేశమంత లెక్క తీసిన గోరుదే
పెద్ద సంఖ్య యైన, పీఠ మేది?
ఫ్లోరిడా గణించి బుష్షునే నిలబెట్టె
గెలిచె తక్కువోట్లు కలిగినతడు

2000 నాటి అమెరికా ఎన్నిక అండీ. దేశం మొత్తం మీద అల్ గోర్‌కి బుష్ కంటే 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చాయి. కానీ అక్కడ అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాలవారీ ఎలక్టర్లు కదా, ఒక రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా దాదాపు అన్ని చోట్లా ఆ రాష్ట్రం ఎలక్టర్లంతా ఆ ఒక్కడికే పోతారు. ఫ్లోరిడాలో తేడా 537 ఓట్లు, దాంతో అక్కడి 25 మందీ బుష్‌కి, మొత్తం లెక్క 271–266.

గోదారి గట్టు: ఫ్లో–బు యతి ముచ్చటగా కుదిరింది. "మేది" తర్వాతి పాదం సంయుక్తాక్షరంతో మొదలైంది, "ది" గురువు కాదా అని ఎవరో ఒకరు వస్తారు, సమాసం కాదు గనక లఘువే, ఆ చర్చ ఇక్కడితో సరి.

లెక్కల మాస్టారు: ఛందస్సు సరే, "గణించి" అన్న మాటే నాకు గుచ్చుకుంటోంది. ఆ ఏడు డిసెంబరులో మళ్ళీ లెక్కపెట్టడాన్ని సుప్రీంకోర్టు ఆపించింది. గణించడం ఆగినందుకే బుష్ నిలబడ్డాడు, మీరేమో గణించి నిలబెట్టిందంటున్నారు!

పద్యపిపాసి: నిజమే మాస్టారూ. "ఫ్లోరిడాయె తుదకు బుష్షునే నిలబెట్టె" అంటే?

లెక్కల మాస్టారు: ఇప్పుడు బావుంది.

క్రాయిడన్ కుర్రోడు:

మూడు పార్టిలుండ మొత్తము చీలగా
వందమంది లోన వద్దనంగ
నరువదారు మంది, నవ్వుచు నొక్కడు
గెలిచె తక్కువోట్లు కలిగినతడు

మా బ్రిటన్ సంగతి. 2024 జూలైలో లేబర్ పార్టీకి పడ్డవి 33.7 శాతం ఓట్లు, వచ్చినవి 650లో 400కు పైగా సీట్లు.

గోదారి గట్టు: తమ్ముడూ, ఊపు బావుంది, తప్పులు రెండున్నాయి. "పార్టి" అని కుదించావు, "మూడు పక్షములుగ" అంటే గణాలూ సరిపోతాయి, మాటా నిండుగా ఉంటుంది. రెండోది యతి. "నరువ"లో నకారం ద్రుతానిది, యతి చెల్లాల్సింది అకారానికి, దానికి "నవ్వుచు" చెల్లదు. "హాయిగ నొక్కడు" అను, హకారం చెల్లుతుంది, పైగా మిగతా అరవై ఆరుగురూ వద్దంటుంటే హాయిగా గెలవడంలో ఎత్తిపొడుపు ఇంకాస్త పదునెక్కుతుంది.

లెక్కల మాస్టారు: నా పేచీ వేరే. వద్దన్నవాళ్ళంతా ఒక్కడి వైపు లేరుగా? విడివిడిగా చూస్తే ఇతని కంటే ఎక్కువొచ్చినవాడు లేడు. సమస్యలోని "తక్కువ"ని నువ్వు సగం కంటే తక్కువ అని మార్చుకున్నావు.

క్రాయిడన్ కుర్రోడు: ఎవరికంటే తక్కువో సమస్యలో లేదు కదండీ! ఆ ఖాళీలో దూరడమే పూరణ అనుకున్నా.

బెజవాడ బుల్లోడు: ఇది మనకు తెలియనిదా, 2024లో ఆంధ్రలో ఒక పార్టీకి 39 శాతం ఓట్లొస్తే 175లో 11 సీట్లే వచ్చాయి. ఎవరో మీకు తెలుసు. ఓట్లు ఎన్ని అన్నదానికంటే ఏ నియోజకవర్గంలో ఎన్ని అన్నదే లెక్క…

గోదారి గట్టు: బుల్లోడుగారూ, అంకెలు నిజమే, షరతు గుర్తుందిగా, ఇంకో రెండు వ్యాఖ్యలు పడితే ఇది పద్యాల చోటుగా ఉండదు. తర్వాతి పూరణ.

సత్తుపల్లి టీచరమ్మ:

నచ్చలేదటంచు నందరు నోటాకు
గుద్ది గుద్ది మురిసి కూరుచుండ
చట్ట మతని వైపె, సంఖ్యకు విలువేది?
గెలిచె తక్కువోట్లు కలిగినతడు

2013లో సుప్రీంకోర్టు చెప్పాక వచ్చింది నోటా. బ్యాలెట్ యూనిట్‌లో అభ్యర్థులందరి కిందా చివరి బటన్. లోక్‌సభకైనా అసెంబ్లీకైనా, నోటాకి అందరికంటే ఎక్కువ పడినా సరే, అభ్యర్థుల్లో ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళే గెలిచినట్టు.

లెక్కల మాస్టారు: ఇదీ అసలైన పూరణ! ఇందులో "తక్కువ" ఎవరికంటే అన్న సందేహమే లేదు, నోటాకంటే. 2024లో ఇండోర్‌లో నోటాకి 2,18,674 ఓట్లు పడి రెండో స్థానంలో నిలిచింది. గెలిచినాయనకి 12 లక్షలు దాటాయి గనక మీ పద్యం దాకా రాలేదు, కానీ వచ్చినా ఫలితం మారేది కాదు.

గోదారి గట్టు: టీచర్‌గారూ, "నందరు"లో మళ్ళీ అదే ద్రుతం గొడవ, న–న కాదు, న–అ అవుతోంది, చెల్లదు. పైగా అందరూ నోటాకే వేస్తే గెలిచినవాడి ఓటు కూడా నోటాకే పడిందా? "నలుగురు నోటాకు" అంటే రెండూ తీరతాయి.

పద్యపిపాసి: ఇంకోటి అమ్మా, "గుద్ది గుద్ది" ఏంటి? ఒకసారేగా గుద్దేది?

సత్తుపల్లి టీచరమ్మ: నువ్వు పోలింగ్ డ్యూటీ చెయ్యలేదు నాయనా. బటన్ పక్కన ఎర్ర లైటు వెలుగుతుంది, వీవీప్యాట్‌లో చీటీ ఏడు సెకన్లు కనపడి లోపల పడుతుంది, బీప్ వస్తుంది. అప్పటిదాకా ఆగకుండా పడిందో లేదోనని టకటకా నొక్కేవాళ్ళే ఎక్కువ. మేం ఇవతల కంట్రోల్ యూనిట్‌లో బ్యాలెట్ ఇస్తే తప్ప రెండో ఓటు పడదు, ఎన్నిసార్లు గుద్దినా ఒక్కటే. గుద్ది గుద్ది అన్నది చూసి రాసిందే, అది మాత్రం మార్చను.

గోదారి గట్టు: మార్చకండి.

బోస్టన్ బాబాయి:

మొదటి లెక్కలోన మురిసిన వాడోడె
మలివిడతలలోన మార్పు జరిగి;
తుదకు పైకి వచ్చి, తొలుతటి లెక్కలో
గెలిచె తక్కువోట్లు కలిగినతడు

మాకు పైనున్న మెయిన్ రాష్ట్రంలో 2018లో జరిగింది. అక్కడ ఓటరు ఒకటి, రెండు, మూడు అని వరసగా ఇష్టాలు రాస్తాడు. మొదటి లెక్కలో పోలిక్విన్ ముందున్నాడు, ఎవరికీ సగం దాటలేదు, కిందివాళ్ళ ఓట్లు రెండో ఇష్టం ప్రకారం పంచితే గోల్డెన్ గెలిచాడు.

బెజవాడ బుల్లోడు: దీనికి మెయిన్ దాకా ఎందుకు బాబాయ్, 1969లో మన వి.వి. గిరిగారు గెలిచింది రెండో ప్రాధాన్య ఓట్లతోనేగా, నీలం సంజీవరెడ్డిగారి మీద? ఇద్దరూ తెలుగువాళ్ళే!

లెక్కల మాస్టారు: ఆ ఉదాహరణ సమస్యకి నప్పదు. మొదటి లెక్కలోనూ గిరిగారే ముందు, 4,01,515. సంజీవరెడ్డిగారికి 3,13,548. కావలసిన 4,18,169 అందలేదు గనక రెండో ప్రాధాన్యం లెక్కపెట్టారు, అప్పుడు గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427. వెనకున్నవాడు ముందుకొచ్చింది లేదు.

గోదారి గట్టు: బాబాయిగారి పద్యంలో "తొలుతటి లెక్కలో" అన్నది సమస్య పాదంలోకి జారి, మధ్యలో "గెలిచె"ని దాటి "తక్కువోట్లు"తో అతుక్కుంటుంది. ఒక్కసారి చదివితే తొలి లెక్కలోనే గెలిచినట్టుంది, కామాతో నెట్టుకొచ్చారు. అయినా సమస్యని పూర్తిగా విప్పిన రెండు పద్యాల్లో ఇదొకటి.

పద్యపిపాసి: సంజీవరెడ్డిగారి మాటొచ్చింది గనక ఇదీ చూడండి:

నాడు లక్షలోట్లు నాలుగు వచ్చినా
పీఠ మందలేదు, పిదప చూడ
పోరు లేనివేళ పోలింగె లేకుండ
గెలిచె తక్కువోట్లు కలిగినతడు

1977 రాష్ట్రపతి ఎన్నిక. 37 నామినేషన్లు పడితే ఆయనది తప్ప అన్నీ చెల్లలేదు, ఏకగ్రీవం. నాలుగు లక్షలతో ఓడినాయనే సున్నాతో గెలిచాడు!

లెక్కల మాస్టారు: భేష్. తక్కువ ఎవరికంటే? తనకంటే. ఇది నాకు తట్టలేదు.

గోదారి గట్టు: సున్నా ఓట్లని "కలిగిన" అనొచ్చా పిపాసీ? లేనిదాన్ని కలిగి ఉండటం ఎలా?

పద్యపిపాసి: ఆ పాదం ఇచ్చింది మీరండీ, నన్నడిగితే ఎలా!

గోదారి గట్టు: సరే, వ్యాకరణం తెలిసినవాళ్ళు రేపటిలోగా తేల్చండి. చెల్లితే ఈ వారం పద్యం ఇదే, లేకపోతే సవరించిన నోటా పద్యం, గుద్ది గుద్దితో సహా.