చాప కింద నీరా, చాప క్రింద నీరా?

ఉప్పుగాలి: కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాస్ సముద్రం అడుగున పైపుల్లో వచ్చి గాడిమొగ దగ్గర ఒడ్డెక్కుతుంది కదా. అలాంటి పైపుల కింద ఇసుక కోతపై వ్యాసం రాస్తూ «చాప కింద నీరులా» అని మొదలుపెట్టాను. మా నాయనమ్మ ఈ మాటకు ఒక తోక చేర్చేది. అందులో 'నిప్పు' ఉన్నట్టు లీలగా గుర్తు. ఎవరైనా విన్నారా?

పాత నిఘంటువు: తోక తరువాత. ముందు 'క్రింద' అని రాయండి.

ఇసుకమేట: అలాగైతే 'క్రొత్త', 'ప్రొద్దు' కూడా రాయాలి. నిన్న మీరే 'కొత్త' అన్నారు! చిక్కు ఆ రావడిలో లేదు, నుడికారంలోనే ఉంది. చాప కింద నీరు చడీచప్పుడు లేకుండా పాకుతుంది. పైపుకు ప్రవాహం తగిలే వైపు పీడనం ఎక్కువ, అవతల తక్కువ. ఆ తేడాకు నీరు ఇసుకలోంచి ఊరి, అవతలి వైపు ఇసుక అన్నంలా కుతకుతలాడుతుంది. దారి పడిందా, దూసుకుపోవడమే. అది ఊట, ఆపైన గండి.

ఏటిగట్టు: 'తొలుచు' ఉండగా ఇంత వెతుకులాటా? కాండం తొలుచు పురుగు తెలియని రైతు లేడు.

పాత నిఘంటువు: 'తొలచు' నాకు ఇంపు.

ఇసుకమేట: నీరు పురుగా?

ఏటిగట్టు: పైపుకూ నేలకూ నడుమ సందును 'ఎడ' అనండి. సుమతి శతకంలో ఎడతెగక పారే ఏరు లేదూ! అప్పిచ్చేవాడు, వైద్యుడు, ద్విజుడు, వాళ్ళ మధ్య ఒక ఏరు. మనుషుల వరసలో నీటిని కూర్చోబెట్టిన ఆ చమత్కారం ఇంకెవరికి వస్తుంది?

ఇసుకమేట: పద్యం సరే. 'ఎడ' పెరిగేకొద్దీ నీటి జోరు తగ్గుతుంది. నిలకడగా పారే నీటిలో గుంత లోతు సాధారణంగా పైపు అడ్డుకొలతలో 0.6 వంతు దగ్గర ఆగుతుంది. వేలాడే భాగం పొడవైతే సుడులకు కంపించి లోహం అలసిపోతుంది. ఒక్కోసారి పైపే గుంతలోకి కుంగి ఇసుకలో పూడిపోతుంది, అదీ మంచికే. మీ నుడికారంలో ఈ మంచికి చోటేది?

ఉప్పుగాలి: అసలు విషయం చెప్పనేలేదు. కోత ఆపడానికి కాంక్రీటు దిమ్మెలను తాళ్ళతో గుచ్చి, చాపల్లా పైపు మీద పరుస్తారు. ఆ చాపల అంచుల కింద కూడా ఇసుక కొట్టుకుపోతుంది. అక్షరాలా చాప కింద నీరే.

పాత నిఘంటువు: చాప క్రింద.

ఏటిగట్టు: నిప్పు అంటే 'నివురుగప్పిన నిప్పు' కాదు కదా?

ఉప్పుగాలి: కాదండీ. అందులో నివురు లేదు.